మొదటి ఎలక్ట్రిక్ గిటార్ కొనేముందు: డబ్బు ఎక్కడ పెట్టాలి, షాపులో ఏం చూడాలి

"20 వేలల్లో మంచి ఎలక్ట్రిక్ గిటార్ ఏదో చెప్పు అన్నా" అని అడిగేవాళ్ళకి నేను ముందు రెండు ఎదురు ప్రశ్నలు వేస్తా. ఆ 20 వేలు ఒక్క గిటార్ కేనా, యాంప్ (గిటార్ సౌండ్ పెంచి వినిపించే స్పీకర్ పెట్టె), కేబుల్ అన్నీ కలిపా? రెండోది, అసలు ఏం వాయిద్దామని? మొదటి ప్రశ్నకి చాలామంది దగ్గర సమాధానం ఉండదు, ఎందుకంటే ఎలక్ట్రిక్ గిటార్ అంటే గిటార్ ఒక్కటే అనుకుంటారు. ఇంటికి తెచ్చి మీటితే దోమ చెవి దగ్గర పాడినంత సౌండ్ వస్తుంది, అప్పుడు మళ్ళీ ఇంట్లో డబ్బులు అడగాలి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా, తర్వాత గొడవ పడొచ్చు. మొదటి గిటార్ కి బ్రాండ్, చెక్క, రంగు ఇవన్నీ తర్వాతి సంగతి. తీగలు నొక్కడానికి తేలిగ్గా ఉండాలి, ట్యూన్ చేస్తే ఆ పూటంతా నిలబడాలి. ఈ రెండూ ఉంటే రోజూ చేతిలోకి తీస్కుంటారు, లేకపోతే మూడో నెలకి అది బీరువా పక్కకి చేరుతుంది. ఈ రెండూ వచ్చేది సరైన సెటప్ వల్ల, అంటే తీగల ఎత్తు, మెడ, శ్రుతి సరిచేయడం వల్ల, గిటార్ మీద రాసున్న పేరు వల్ల కాదు. కాబట్టి ఉన్న డబ్బులో సుమారు సగం నుంచి అరవై శాతం గిటార్ కి, మిగతాది యాంప్ కి, సెటప్ కి, చిన్నాచితకా వాటికి అని ముందే విడగొట్టుకోండి. 20 వేలే ఉంటే 12 వేల గిటార్ లేదా సెకండ్ హ్యాండ్ లో మంచిది, మిగతా డబ్బుతో హెడ్‌ఫోన్ యాంప్. 30 వేలుంటే హాయిగా ఊపిరి పీల్చుకోవచ్చు.

ముందు అకౌస్టిక్ నేర్చుకుని తర్వాత ఎలక్ట్రిక్ కి రావాలా?

అక్కర్లేదు. ఇది మన దగ్గర ప్రతీ క్లాసులో చెప్పే మాట, వీళ్ళు ఎందుకు చెప్తారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అకౌస్టిక్ మీద సన్న తీగ మామూలుగా 11 లేదా 12 గేజ్ ఉంటుంది, ఎలక్ట్రిక్ మీద 9 గానీ 10 గానీ. అంటే అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన 9. పైగా ఎలక్ట్రిక్ లో తీగలు ఫ్రెట్ బోర్డుకి (మెడ మీద అడ్డంగా లోహపు పట్టీలు, అంటే ఫ్రెట్లు, ఉండే చోటికి) దగ్గరగా ఉంటాయి, మెడ కూడా సన్నం. వేళ్ళు తక్కువ నొప్పెడతాయి, బారె కార్డులు (ఒక వేలితో తీగలన్నీ అడ్డంగా నొక్కి పలికించే స్వరాల గుంపులు) తొందరగా పట్టుబడతాయి. నిజమే, ఎలక్ట్రిక్ నుంచి అకౌస్టిక్ కి వెళ్తే మళ్ళీ కొన్ని రోజులు వేళ్ళు మండుతాయి, దానికేముంది. మీకు రాక్ ఇష్టమైతే, లీడ్ (ఒక్కో స్వరంగా వాయించే సోలోలు) వాయించాలని ఉంటే, నేరుగా ఎలక్ట్రిక్ తోనే మొదలెట్టండి. ఊరికే పాడుకుంటూ కార్డులు కొట్టుకోవాలి, ఫ్రెండ్స్ తో బీచ్ కి తీసుకెళ్ళాలి అంటే మాత్రం అకౌస్టికే కొనుక్కోండి, ఇక్కడితో చదవడం ఆపేయొచ్చు.

ఏం వాయిస్తారన్న దాన్ని బట్టి షేపు, పికప్పులు

బజారులో కనిపించే బిగినర్ గిటార్లలో ఎక్కువ భాగం మూడు పాత డిజైన్ల చుట్టూనే తిరుగుతాయి. ఫెండర్ వాళ్ళ టెలీకాస్టర్, స్ట్రాటోకాస్టర్, గిబ్సన్ వాళ్ళ లెస్ పాల్. టెలీకి ఆ పేరు 1951లో వచ్చింది, లెస్ పాల్ 1952, స్ట్రాట్ 1954. డెబ్బై ఏళ్ళు దాటినా అవే షేపులు, వాటికే కొమ్ములు సాగదీసి పదును పెడితే ఐబానెజ్, జాక్సన్ టైపు "సూపర్ స్ట్రాట్" లు.

షేపు కంటే తేడా ఎక్కువ వినపడేది పికప్పుల్లో. తీగల కింద ఉండే ఆ అయస్కాంతం, దాని చుట్టూ ఉండే సన్న వైరు చుట్టలే పికప్. ఒక్క చుట్ట ఉంటే సింగిల్ కాయిల్, స్ట్రాట్, టెలీలో ఉండేది ఇదే, సౌండ్ పల్చగా, స్పష్టంగా, గంట కొట్టినట్టు ఉంటుంది. రెండు చుట్టలు పక్కపక్కనే ఉంటే హంబకర్, సౌండ్ దళసరిగా ఉంటుంది, డిస్టార్షన్ (రాక్ లో వినపడే బొంగురు సౌండ్) పెట్టినా గోల కాకుండా నిలబడుతుంది. హంబకర్ ని గిబ్సన్ లో సేత్ లవర్ అనే ఇంజనీర్ 1955 ప్రాంతంలో తయారు చేసింది సౌండ్ కోసం కాదు, సింగిల్ కాయిల్ పట్టుకునే కరెంటు హమ్ ని, అంటే జుయ్ మనే మోతని, చంపడానికి. రెండు చుట్టల్నీ ఎదురెదురుగా కలిపితే రెండింటిలోకీ వచ్చిన హమ్ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది, తీగ సౌండ్ మాత్రం కలుస్తుంది.

ఈ హమ్ సంగతి యూట్యూబ్ లో విదేశీ రివ్యూలు చూసి కొనేవాళ్ళకి అర్థం కాదు, మన ఇళ్ళల్లో కరెంటు వేరు. ఫ్యాన్ కి ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ పెట్టి రెండో నంబర్ మీద తిప్పండి, సింగిల్ కాయిల్ గిటార్ ప్లగ్ చేసి గెయిన్ పెంచండి, జుయ్ మని తేనెటీగల గుంపు వస్తుంది. ఫ్యాన్ ఐదులో పెడితే తగ్గుతుంది. చౌక ఎల్ఈడీ బల్బులు, ఫోన్ ఛార్జర్లు కూడా అంతే. కరెంటు పోయి పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద నడుస్తుంటే ఇక వాయించడం మానేసి టీ తాగడం మంచిది. గిటార్ ని అటూ ఇటూ తిప్పుకుంటూ కూర్చుంటే ఒక దిక్కులో హమ్ తగ్గుతుంది, అది మామూలే. తీగల మీద చెయ్యి పెట్టగానే శబ్దం తగ్గితే అదీ మామూలే, గిటార్ లో గ్రౌండ్ వైరు సరిగ్గా ఉందని అర్థం. చెయ్యి పెడితే పెరుగుతోందంటే మాత్రం లోపల వైరింగ్ చూపించాలి.

తీగలు ముట్టుకుంటే చిన్నగా షాక్ లాంటి జిల కొడుతోందంటే వెంటనే ప్లగ్ పీకేయండి. అది గిటార్ లోపం కాకపోవచ్చు, చాలావరకు ఇంట్లో ఎర్తింగ్ లేకే. యాంప్ ప్లగ్ కి మూడో పిన్ను ఉన్నది అందుకే, దాన్ని రెండు పిన్నుల అడాప్టర్ లో దూర్చి వాడేవాళ్ళని చాలామందిని చూశా, దయచేసి ఆ పని చెయ్యొద్దు. ఎలక్ట్రీషియన్ ని పిలిచి సాకెట్ కి ఎర్త్ వస్తోందో లేదో చూపించండి.

సరే, మళ్ళీ ఎంపికకి వద్దాం. బ్లూస్, ఫంక్, క్లీన్ సౌండ్ తో సినిమా పాటల కార్డులు, మెలోడీలు ఇవి ఎక్కువ అయితే స్ట్రాట్ టైపు. మెటల్, హార్డ్ రాక్ అయితే రెండు హంబకర్లు ఉన్నది. ఇంకా ఏదీ తేల్చుకోలేదు, అన్నీ కాస్త కాస్త అంటారా, అప్పుడు హెచ్ఎస్ఎస్ అని ఉన్నది తీస్కోండి, అంటే బ్రిడ్జ్ దగ్గర (తీగలు కింద ఆగే చోట) హంబకర్, మిగతా రెండూ సింగిల్ కాయిల్. నూటికి తొంభై మంది బిగినర్లకి నేను చెప్పేది ఇదే. చెక్క గురించి షాపువాళ్ళు చెప్పే ఆల్డర్, బాస్‌వుడ్, పోప్లర్ కథలన్నీ ఈ రేటులో వినేసి వదిలెయ్యండి.

కర్ణాటక సంగీతం తెలిసినవాళ్ళు కొందరు గమకాలు పలుకుతాయా అని అడుగుతారు. పలుకుతాయి. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారు ఎలక్ట్రిక్ మాండలిన్ మీదే కదా కచేరీలన్నీ చేసింది, గిటార్ మీద ప్రసన్న గారు చేస్తున్నారు. దీనికి గిటార్ ప్రత్యేకంగా వేరే ఏం అక్కర్లేదు, సన్నటి తీగలు, అంటే 9 సెట్ వేసుకుని, ఫ్రెట్ల అంచులు నున్నగా ఉన్నది చూసుకుంటే చాలు. స్లైడ్ చేసేటప్పుడు, తీగ లాగేటప్పుడు గరుకు తగిలితే గమకం గమకంలా రాదు.

బ్రిడ్జ్ దగ్గర జాగ్రత్త

బ్రిడ్జ్ అంటే తీగలు కింద ఆగే చోటు. కదలని బ్రిడ్జ్ ని హార్డ్‌టెయిల్ అంటారు, ట్యూన్ చెయ్యడం సులువు, తీగ మార్చడం సులువు, ఒక తీగ తెగినా మిగతా అయిదూ శ్రుతిలోనే ఉంటాయి. రెండోది స్ట్రాట్ టైపు ట్రెమొలో, చిన్న రాడ్ పట్టుకుని ఊపితే స్వరం వణుకుతుంది, ఇదీ పర్లేదు, మొదట్లో ఆ రాడ్ తీసి కవర్ లో పడేసి వెనకాల స్ప్రింగులు బిగిస్తే దాదాపు హార్డ్‌టెయిల్ అయిపోతుంది. మూడోది ఫ్లాయిడ్ రోజ్, లేదా దాన్ని కాపీ కొట్టిన చౌక లాకింగ్ ట్రెమొలో. ఇది మాత్రం మొదటి గిటార్ కి వద్దే వద్దు. ఒక తీగ ట్యూన్ చేస్తే బ్రిడ్జ్ కదిలి మిగతా అయిదూ తప్పిపోతాయి, వాటిని సరిచేస్తే మొదటిది పోతుంది, తీగ మార్చాలంటే అలెన్ కీ కావాలి, తీగ చివరి గుండు కత్తిరించాలి. అసలైన ఫ్లాయిడ్ రోజ్ అయితే ఒకసారి లాక్ చేశాక రాయిలా నిలబడుతుంది, కానీ 20 వేల గిటార్ మీద వచ్చేది ఆ సరుకు కాదు.

సైజు, బరువు

ఫెండర్ టైపులో తీగ పొడుగు 25.5 అంగుళాలు, గిబ్సన్ టైపులో సుమారు 24.75. ముప్పావు అంగుళమే కదా అనిపిస్తుంది కానీ పొట్టి స్కేల్ మీద అదే తీగ కాస్త వదులుగా, మెత్తగా ఉంటుంది, ఫ్రెట్లు కూడా దగ్గరగా ఉంటాయి. చేతులు చిన్నవైతే ఇది తెలుస్తుంది. స్క్వయర్ (ఫెండర్ వాళ్ళ చౌక బ్రాండ్) మస్టాంగ్ 24 అంగుళాలే, పెద్దవాళ్ళకీ బాగుంటుంది, ఎందుకో మన దగ్గర దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఎనిమిది, తొమ్మిదేళ్ళ పిల్లలకైతే స్క్వయర్ మినీ స్ట్రాట్ 22.75 అంగుళాలు, ఐబానెజ్ మైక్రో 22.2. "ఎదుగుతాడు కదా" అని పిల్లాడికి పెద్ద గిటార్ కొనకండి, ఎదిగేలోపు వదిలేస్తాడు.

బరువు కూర్చుని వాయిస్తే తెలీదు. స్ట్రాప్ వేసుకుని పది నిమిషాలు నిలబడి చూడండి. లెస్ పాల్ టైపు నాలుగు కిలోలు దాటినవి ఉంటాయి, ఎస్‌జీ షేపు (గిబ్సన్ వాళ్ళదే ఇంకో డిజైన్) తేలిక కానీ చెయ్యి వదిలేస్తే తలకాయ కిందకి వాలే రకాలు కొన్ని ఉన్నాయి.

ఎడమచేతి వాళ్ళకి ఒక మాట. మన షాపుల్లో లెఫ్ట్ హ్యాండ్ గిటార్లు చాలా తక్కువ, ఆర్డర్ పెట్టాలి, రంగు మీ ఇష్టం ఉండదు, సెకండ్ హ్యాండ్ లో దొరకడం ఇంకా కష్టం. కుడిచేత్తో మొదలెట్టినా ఇబ్బంది అనిపించకపోతే అలా నేర్చుకోవడమే నయం, ఎలాగూ రెండు చేతులూ కొత్త పనే నేర్చుకుంటాయి. కుదరట్లేదంటే మాత్రం పట్టుబట్టొద్దు, ఆర్డర్ పెట్టేయండి.

ఇక మోడళ్ళు

స్క్వయర్ అంటే ఫెండర్ వాళ్ళ చౌక బ్రాండ్, ఎపిఫోన్ అంటే గిబ్సన్ వాళ్ళది. ఇది తెలియక "ఫెండర్ కాపీ" అనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. 15 నుంచి 25 వేల మధ్యలో చూడదగ్గవి స్క్వయర్ సోనిక్ స్ట్రాట్, యమహా పసిఫికా 012, ఐబానెజ్ జియో సిరీస్ లో జీఆర్ఎక్స్ 40, కోర్ట్ వాళ్ళ ఎక్స్ 100. మెటల్ పిచ్చి ఉంటే ఐబానెజ్ జీఆర్‌జీ 121 డీఎక్స్, కదలని బ్రిడ్జ్, రెండు హంబకర్లు, గొడవే లేదు. లెస్ పాల్ షేపే కావాలి, అది లేకపోతే నిద్ర పట్టదు అంటే ఎపిఫోన్ లెస్ పాల్ స్పెషల్. రేట్లు సైటుకీ సైటుకీ, పండగ ఆఫర్లకీ మారుతుంటాయి కాబట్టి ఒక్కో మోడల్ కి నంబర్ రాయట్లేదు.

ఇందులో ఒక్కటి చెప్పమంటే యమహా పసిఫికా చెప్తా. 012 లో హెచ్ఎస్ఎస్ పికప్పులు, ఫినిషింగ్ నేను చూసినంతలో ఒక పీసుకీ ఇంకో పీసుకీ పెద్ద తేడా ఉండదు. 30 వేల చుట్టుపక్కల పెట్టగలిగితే పసిఫికా 112వి, దాని టోన్ నాబ్ పైకి లాగితే హంబకర్ సగమై సింగిల్ కాయిల్ లా పలుకుతుంది, ఇది కొంటే అయిదారేళ్ళు ఇంకో గిటార్ అవసరం రాదు. అందంలో మాత్రం కాస్త ఆఫీసుకెళ్ళే మనిషిలా ఉంటుంది, ఆ విషయంలో నేనేం చెయ్యలేను.

కోర్ట్ పేరు వినలేదని భయపడేవాళ్ళకి, ఆ కొరియా కంపెనీ ఇండోనేషియా ఫ్యాక్టరీలో వేరే పెద్ద బ్రాండ్లకి కూడా గిటార్లు తయారు చేస్తుంది, పీఆర్ఎస్ ఎస్‌ఈ గిటార్లు అక్కడివే. పేరు వెనక్కిపోయింది కానీ పని మాత్రం ముందే ఉంటుంది.

ఏడెనిమిది వేలకి గిటార్, బుల్లి యాంప్, బ్యాగు, బెల్టు అన్నీ కలిపి ఇచ్చే కిట్లున్నాయి చూశారా, పైన పటారం లోన లొటారం. ట్యూనింగ్ కీలు జారతాయి, ఫ్రెట్ల అంచులు గోళ్ళలా గీరుకుంటాయి, ఆ యాంప్ పాత రేడియో లాగా గరగరలాడుతుంది. డబ్బు అంతే ఉంటే ఇంకో రెండు నెలలు ఆగండి, లేదా సెకండ్ హ్యాండ్ చూడండి.

షాపులో ఏం చెయ్యాలి

వాయించడం రాదు కదా ఏం టెస్ట్ చేస్తాం అని సిగ్గుపడి, షాపు కుర్రాడు స్పీడుగా వాయించి చూపిస్తే పడిపోయి కొనేస్తారు. అతను వాయిస్తే ఏ గిటారైనా బాగానే ఉంటుంది. కార్డులేవీ రాకపోయినా మీరు చూడగలిగేవి ఉన్నాయి, జేబులో రెండు మూడు ఏటీఎం కార్డులు ఉంటే చాలు, అంకెలు ఉబ్బెత్తుగా లేని నున్నటివి.

ఏటీఎం కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు. ముందు గిటార్ ని ట్యూన్ చేయించండి, ఫోన్ లో గిటార్‌ట్యూనా లాంటి యాప్ తో మీరే చూస్కోవచ్చు. తర్వాత 12వ ఫ్రెట్ దగ్గర, రెండు చుక్కలుంటాయి కదా, అక్కడ ఫ్రెట్ మీద రెండు కార్డులు పేర్చి తీగ కిందకి పోనివ్వండి. సన్న తీగ రెండు కార్డులకి దాదాపు తగులుతూ ఉండాలి, లావు తీగ కింద రెండు కార్డులు పట్టి ఇంకాస్త ఖాళీ ఉండాలి, మూడు పట్టకూడదు. అంటే సుమారు ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్లు. మూడు కార్డులు సులువుగా దూరిపోతుంటే యాక్షన్, అంటే ఫ్రెట్ల మీద తీగల ఎత్తు, ఎక్కువ, నొక్కడానికి కష్టం. ఎత్తుంటే గిటార్ పనికిరాదని కాదు, బ్రిడ్జ్ దగ్గర చిన్న స్క్రూలు తిప్పితే దిగుతుంది, షాపువాళ్ళని అక్కడికక్కడే దించమనండి. దించలేం అన్నారంటే, లేదా దించగానే తీగలు టప టపా ఫ్రెట్లకి తగులుతున్నాయంటే ఆ పీసు వదిలేయండి.

తర్వాత మెడ. లావు తీగని మొదటి ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో, ఆఖరి ఫ్రెట్ల దగ్గర ఇంకో చేత్తో నొక్కి పట్టుకుని, మధ్యలో ఏడు, ఎనిమిది ఫ్రెట్ల దగ్గర తీగకీ ఫ్రెట్ కీ మధ్య చూడండి. విజిటింగ్ కార్డు దూరేంత సన్న సందు ఉంటే సరిపోయింది. అసలు సందే లేకపోతే మెడ వెనక్కి వంగింది, చాలా సందుంటే ముందుకి వంగింది. కొంచెం అయితే మెడ లోపలి ఇనుప కడ్డీ, ట్రస్ రాడ్, పావు చుట్టు తిప్పితే సరైపోతుంది, అది తెలిసినవాళ్ళు తిప్పాలి, కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు కాకూడదు. హెడ్ (ట్యూనింగ్ కీలుండే చివర) వైపు నుంచి మెడ పొడవునా ఒక కన్ను మూసి చూడండి, అటూ ఇటూ మెలి తిరిగి కనిపిస్తే ఇంక మాట్లాడకుండా తిరిగి ఇచ్చేయండి, మెలికకి మందు లేదు.

నట్ కూడా చూడాలి, అంటే హెడ్ దగ్గర తీగలు దాటే తెల్లటి ముక్క. తీగని మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి మొదటి ఫ్రెట్ పైన చూస్తే కాగితమంత సందు కనబడాలి. ఎక్కువుంటే మొదటి ఫ్రెట్లలో కార్డులు నొక్కడం నరకం, పైగా నొక్కితే స్వరం కొంచెం ఎక్కి పలుకుతుంది, మీ చెవే బాగోలేదేమో అనుకుంటారు.

ఇప్పుడు ఓపిగ్గా ఒక్కో తీగ మీద ఒక్కో ఫ్రెట్ నొక్కి మీటుకుంటూ చివరిదాకా వెళ్ళండి. ఎక్కడైనా స్వరం చచ్చిపోతే, రెండు పక్కపక్క ఫ్రెట్లు ఒకే స్వరం పలికితే, గట్టిగా బర్రుమంటే గుర్తుపెట్టుకోండి. గట్టిగా మీటినప్పుడు ప్లగ్ చెయ్యకుండా వినపడే చిన్న బజ్, యాంప్ లో వినపడకపోతే పట్టించుకోవద్దు. అరచేతిని మెడ అంచు మీద పైకీ కిందకీ రాయండి, ఫ్రెట్ల కొసలు గీరుకోకూడదు. తీగ 12వ ఫ్రెట్ దగ్గర నొక్కి మీటితే ట్యూనర్ లో అదే స్వరం, ఒక స్థాయి (ఆక్టేవ్) పైన, సరిగ్గా మధ్యలో చూపించాలి. చాలా తేడా ఉంటే ఇంటోనేషన్ సరిచేయించాలి, అది సెటప్ లో భాగమే.

ఆఖర్న ప్లగ్ చేయించి ప్రతీ నాబ్ మొత్తం తిప్పండి, పికప్ స్విచ్ అన్ని స్థానాల్లోకీ వెయ్యండి, కేబుల్ దూరే చోట కొంచెం కదపండి. చర చరమంటే, సౌండ్ పోయి వస్తుంటే మార్చి ఇవ్వమనండి. ఈ మొత్తం పావుగంట పడుతుంది. షాపాయన మొహం చిట్లిస్తే చిట్లించనీండి, డబ్బులు మీవి.

ఒకే మోడల్ రెండు పీసులుంటే రెండూ చూడండి. ఈ రేటులో పీసుకీ పీసుకీ తేడా మోడల్ కీ మోడల్ కీ మధ్య తేడా కంటే ఎక్కువుంటుంది కొన్నిసార్లు.

ఆన్‌లైన్, సెకండ్ హ్యాండ్

హైదరాబాద్ లోనో చెన్నై దగ్గరున్న నెల్లూరు, తిరుపతిలోనో ఉంటే ఒక పూట వెళ్ళి చేత్తో పట్టుకుని చూడొచ్చు. శ్రీకాకుళంలో, కర్నూలులో ఉన్నవాళ్ళకి ఆన్‌లైనే దిక్కు. అలాంటప్పుడు సంగీత వాయిద్యాలే అమ్మే సైట్లలో కొనండి, అన్నీ అమ్మే సైట్లలో వద్దు, వాయిద్యాల షాపుకి ఫోన్ చేసి "పంపే ముందు సెటప్ చేసి పంపుతారా" అని అడగొచ్చు, కొందరు చేస్తారు. పెట్టె వచ్చాక విప్పడం మొత్తం వీడియో తియ్యండి, పైన చెప్పిన పరీక్షలన్నీ రిటర్న్ గడువు లోపలే ఇంట్లో చెయ్యండి.

సెకండ్ హ్యాండ్ కి నేను ఓటేస్తా. లాక్‌డౌన్ లో మోజుపడి కొని పక్కన పడేసిన గిటార్లు ఇంకా బయటికొస్తూనే ఉన్నాయి. ఫ్రెట్ల మీద తీగ కింద గుంటలు పడ్డాయేమో చూడండి, హెడ్ మెడకి కలిసే చోట సన్నటి పగులు గీత ఉందేమో వెనక్కి తిప్పి చూడండి. అతి తక్కువకి "గిబ్సన్" ఇస్తాం అంటే అనుమానించండి, దొంగ గిబ్సన్లు చాలా తిరుగుతున్నాయి. హెడ్ మీద ట్రస్ రాడ్ మూతకి అసలు గిబ్సన్ లో రెండు స్క్రూలుంటాయి, చాలా నకిలీలకి మూడుంటాయి. రెండున్నంత మాత్రాన అసలుదైపోదు కానీ, మూడుంటే మాత్రం దండం పెట్టి వచ్చేయండి.

యాంప్

ఇంట్లో వాయించుకోవడానికి 10 నుంచి 15 వాట్లు చాలు, నిజానికి అదే పక్కింటివాళ్ళు తలుపు కొట్టడానికి సరిపోతుంది. ఆరెంజ్ క్రష్ 12, ఫెండర్ ఫ్రంట్‌మన్ 10జి, మార్షల్ ఎంజీ 10 ఇవన్నీ సాదాసీదాగా పనిచేస్తాయి. ఎఫెక్టులు లోపలే ఉన్నవి కావాలంటే ఫెండర్ మస్టాంగ్ ఎల్‌టీ 25, డబ్బుంటే బాస్ కటానా 50, దాన్ని అర వాటు మీద పెట్టుకుని రాత్రిపూట కూడా వాయించుకోవచ్చు.

అపార్ట్‌మెంట్, హాస్టల్ అయితే యాంప్ వదిలేసి హెడ్‌ఫోన్ తో వినేవి కొనండి. వాక్స్ యాంప్‌లగ్, ఎన్‌యూఎక్స్ మైటీ ప్లగ్ లాంటివి నేరుగా గిటార్ కే దూరతాయి. జూమ్ జీ1 ఫోర్ మల్టీ ఎఫెక్ట్ నాలుగు పెన్సిల్ సెల్స్ మీద నడుస్తుంది, కరెంటు లేకపోయినా, హమ్ ఉన్న ఇంట్లోనైనా హాయి. కానీ హెడ్‌ఫోన్ వైరుదే వాడండి. మామూలు బ్లూటూత్ లో మీటిన దానికీ వినపడేదానికీ మధ్య ఆలస్యం ఉంటుంది, తాళం మొత్తం పోతుంది. లాప్‌టాప్ ఉన్నవాళ్ళు ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలో లాంటి ఆడియో ఇంటర్‌ఫేస్ (గిటార్ ని లాప్‌టాప్ కి కలిపే చిన్న పెట్టె) కొని, యాంప్ సౌండ్ ని అనుకరించే న్యూరల్ యాంప్ మోడలర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తో మొదలెట్టొచ్చు, సౌండ్ చిన్న యాంపుల కంటే బాగుంటుంది, కాకపోతే సెట్టింగులు తిప్పుకుంటూ వాయించడం మర్చిపోయే ప్రమాదం ఉంది. హోమ్ థియేటర్ కి గిటార్ నేరుగా పెట్టొచ్చా అని అడుగుతారు, పెడితే మొద్దుగా, ప్రాణం లేకుండా వినిపిస్తుంది, మధ్యలో ఏదో ఒక మోడలర్ ఉండాల్సిందే.

కొన్నాక

షాపులో సెటప్ చెయ్యకపోతే బయట తెలిసినవాళ్ళకి ఇచ్చి చేయించండి, ఊరిని బట్టి వెయ్యి నుంచి రెండు వేలు అవుతుంది. అదే రోజు 9-42 సెట్ (సన్న తీగ 9, లావు తీగ 42) తీగలు వేయించండి, డాడారియో గానీ ఎర్నీ బాల్ గానీ. కొత్త తీగలు మొదటి రెండు రోజులు సాగి శ్రుతి దిగిపోతూనే ఉంటాయి, గిటార్ పాడైందని కంగారు పడొద్దు, చేత్తో మెల్లగా లాగి మళ్ళీ ట్యూన్ చెయ్యండి.

మా వైజాగ్ లాంటి సముద్రం పక్క ఊళ్ళలో తీగలు తొందరగా తుప్పు పడతాయి, వాయించాక ప్రతిసారీ పాత కాటన్ గుడ్డతో తీగల పైనా కిందా తుడవాలి, లేదంటే ఎలిక్సిర్ లాంటి పూత ఉన్న తీగలు, రేటెక్కువే కానీ మన గాలికి అవే లాభం. హైదరాబాద్, అనంతపురం వైపు సమస్య వేరు, ఎండాకాలం పొడిగాలికి చెక్క కుంచించుకుని ఫ్రెట్ల కొసలు బయటికి పొడుచుకొస్తాయి. వానలు పడ్డాక మెడ కాస్త కదిలి యాక్షన్ మారడం ఎక్కడైనా ఉన్నదే, ఏడాదికోసారి చూపించుకోవాలి.

మూడు మీటర్ల కేబుల్, స్ట్రాప్, క్లిప్ ట్యూనర్, పిక్ లు (తీగ మీటే ప్లాస్టిక్ ముక్కలు) రకరకాల మందాల్లో నాలుగైదు. పిక్ మొదట 0.73 మిల్లీమీటర్ల దగ్గర మొదలెట్టి, లీడ్ వైపు వెళ్ళేకొద్దీ మందం పెంచుకోండి. స్టాండ్ కొనకుండా గోడకి ఆనించి పెడితే ఎవరో ఒకరు కాలు తగిలించి పడేస్తారు, లెస్ పాల్, ఎస్‌జీ టైపుల్లో హెడ్ వెనక్కి వంగి ఉంటుంది కాబట్టి పడితే విరిగేది సరిగ్గా అక్కడే. గోడకి హ్యాంగర్ కొట్టించుకుంటే ఇంకా మంచిది, బ్యాగులో పెట్టి జిప్ వేసిన గిటార్ కంటే కళ్ళెదురుగా వేలాడే గిటార్ ని ఎక్కువ తీస్తారు. బాత్రూమ్ గోడకీ, వానకి తడిసే బయటి గోడకీ మాత్రం కొట్టించొద్దు, రెండు గదుల మధ్య గోడ చూసుకోండి, ఏసీ గాలి సూటిగా తగలని చోట.